దీక్షకి విరమణ ఉంటుంది, డైట్‌కి ఉండకూడదు

డిసెంబర్ వచ్చిందంటే మా భవానీపురం రోడ్లు ఎర్రబడిపోతాయి. ఎర్ర బట్టలు, మెడలో మాల, నెత్తి మీద ఇరుముడి పెట్టుకుని భవానీలు ఇంద్రకీలాద్రి వైపు నడుస్తూనే ఉంటారు. నలభై ఒక్క రోజులు నేల మీద పడుకుని, చన్నీళ్ళ స్నానం చేసి, ఒంటిపూట భోజనంతో ఉన్నవాళ్ళు కొండ ఎక్కి అమ్మవారి దగ్గర దీక్ష విరమిస్తారు. మా సందులో ప్రతి ఏడాదీ మాల వేసుకునే అంకుల్ ఒకాయన ఉన్నారు. విరమణ అయిన మర్నాడు ఆయన పలకరింపు ఒక్కటే, "ఇవాళ చికెన్ ఎంతరా?"

దీక్షని నేను తక్కువ చేసి మాట్లాడట్లేదు. దీక్ష అంటేనే మొదలూ చివరా ఉన్న వ్రతం, దానికి విరమణ రోజు ఉండాలి. నా గొడవల్లా మనం డైట్‌ని కూడా దీక్షలాగే చేస్తున్నాం కదా అని. ఒక రోజు మాల వేసుకుంటాం, నలభై రోజులు కఠినంగా ఉంటాం, బరువు చూసుకుంటాం, మాల తీసేస్తాం. ఆ తర్వాత ఏమవుతుందో నా ఒంటి మీదే చూశాను కాబట్టి రాస్తున్నాను.

(నేను ఎల్.కే.జీ నుంచి ఇంగ్లిష్ మీడియం. నా తెలుగులో అచ్చుతప్పులు దొర్లితే మన క్లబ్ సీనియర్లు సరిచేస్తారు. నా లెక్కల్లో తప్పులు దొర్లితే మాత్రం మీరే చెప్పండి.)

నా నలభై అయిదు రోజుల కథ

ఇంటర్ రెండేళ్ళు పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి వరకు కుర్చీలోనే కూర్చున్నాను. అది అయ్యేసరికి నా ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. బి.ఎమ్.ఐ లెక్కేస్తే 30. మన దేశంలో 23 దాటితేనే ఎక్కువ బరువు కింద చూస్తారు. ఆ నంబర్ నాకు తర్వాత తెలిసింది, చుట్టాల మాటలు ముందే తెలిశాయి. "ఏంటే, ఇంత లావైపోయావ్? మీ అమ్మకి అక్కలా ఉన్నావ్" అని పెదనాన్నగారింట్లో అందరి ముందూ అన్నారు. పక్కనే ఉన్న అమ్మ నవ్వేసింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలాంటిదో లావుగా ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

2024 నవంబర్‌లో పెదనాన్న కూతురి పెళ్ళి. సెప్టెంబర్ చివర్లో యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి మొదలుపెట్టాను. పొద్దున నిమ్మరసం తేనె నీళ్ళు, మధ్యాహ్నం కీరా ముక్కలు, ఒక కప్పు పెరుగు, రాత్రి ఒక యాపిల్. ఎప్పుడైనా కళ్ళు తిరిగితే రెండు ఖర్జూరాలు. అమ్మ ప్లేటులో అన్నం పెట్టుకుని వెనకాలే తిరిగేది, నేను తలుపేసుకునేదాన్ని.

నలభై అయిదు రోజుల్లో 9 కిలోలు తగ్గాను. పెళ్ళిలో అందరూ "అబ్బ, ఎంత బావున్నావే, ఏం చేశావ్?" అన్నారు. ఆ రోజు నేను మహారాణిని. దువ్వెన నిండా వస్తున్న జుట్టు గురించీ, రెండు నెలలుగా రాని పీరియడ్ గురించీ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో సిస్టమ్ ముందు కూర్చుంటే స్క్రీన్ మీద అక్షరాలు ఈదుతున్నట్టు ఉండేది. రాత్రి పన్నెండింటికి నిద్ర పట్టక రీల్స్‌లో బిర్యానీ వీడియోలు చూసేదాన్ని. తినడానికి కాదు, ఊరికే చూడటానికి.

పెళ్ళి భోజనంలో మొదలైంది తిండి. ఇక ఆగలేదు. మార్చి వచ్చేసరికి 77 కిలోలు. పోయిన తొమ్మిదీ వచ్చాయి, పైన మూడు వడ్డీ. "చూశావా, కంట్రోల్ లేదు" అన్నారు పొగిడినవాళ్ళే. నేనూ అదే అనుకున్నాను. నాకు మనోబలం లేదు, నేను ఇంతే అని.

అది మనోబలం సంగతి కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది కుర్రాళ్ళు తమంతట తాము ముందుకొచ్చారు. వాళ్ళకి ఆరు నెలల పాటు మామూలు తిండిలో దాదాపు సగమే పెట్టారు. శరీర బరువులో నాలుగో వంతు పోయింది. దాంతో పాటు నీరసం, చలి, చిరాకు వచ్చాయి. ఇరవై నాలుగు గంటలూ తిండి గురించే ఆలోచన. కొందరైతే వంటల పుస్తకాలు సేకరించి మరీ చదువుకునేవాళ్ళట! ఆ లైన్ చదివినప్పుడు నా బిర్యానీ రీల్స్ గుర్తొచ్చాయి. వాళ్ళు మనోబలం లేని మనుషులు కాదు. నేనూ కాదు. ఆకలితో ఉన్న శరీరం చేసే పనే అది.

అమెరికాలో బరువు తగ్గే పోటీ పెట్టే ఒక టీవీ షో ఉండేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో 13 మందికి బరువు తిరిగొచ్చింది. అంతేకాదు, ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ళ శరీరం ఖర్చు చేయాల్సిన దానికన్నా రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. మన భాషలో చెప్పాలంటే, ఫోన్ లో బ్యాటరీ మోడ్‌లోకి వెళ్ళిపోయి ఛార్జర్ పెట్టినా బయటకి రావట్లేదు.

మా ఊరు డైట్లకి రాజధాని

బెజవాడ వాళ్ళకి డైట్ కొత్త కాదు. అసలు తెలుగువాళ్ళ పెద్ద పెద్ద డైట్లన్నీ మా చుట్టుపక్కలే తిరిగాయి.

మా ఇంటి నుంచి చూస్తే కృష్ణకి అవతలి ఒడ్డున, ఉండవల్లి కరకట్ట మీద మంతెన సత్యనారాయణ రాజు గారి ఆరోగ్యాలయం ఉంది. ఉప్పు లేదు, నూనె లేదు, పంచదార లేదు. జ్యూసులు, మొలకలు, పండ్లు, లీటర్ల కొద్దీ నీళ్ళు. టీవీలో ఆయన మాటలు విననివాళ్ళు మా అమ్మమ్మ తరంలో ఎవరూ లేరేమో.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, అంటే 2018 ప్రాంతంలో, వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఇల్లిల్లూ తిరిగింది. అది మంతెన గారి దానికి పూర్తిగా రివర్స్. అన్నం, గోధుమ, పప్పు, పండ్లు మానెయ్యాలి. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, అంటే కొబ్బరినూనె, నెయ్యి, మీగడ లాంటివి తీసుకోవాలి. మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీ విటమిన్ మాత్రలు. లిక్విడ్ డైట్, సాలిడ్ డైట్ అనే మాటలు అప్పుడే అందరికీ అలవాటయ్యాయి. ఆయన సభలకి జనం వేలల్లో వచ్చారు. టీవీల్లో ఆయనకీ డాక్టర్లకీ పెద్ద వాదనలు జరిగాయి.

ఆ తర్వాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు వచ్చాయి. కొర్రలు, అరికలు, సామలు, ఊదలు, అండుకొర్రలు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్య సమితి ఆ ఏడాదిని చిరుధాన్యాల సంవత్సరం అంది కూడా.

ఒకరు నూనె మానెయ్యమంటారు. ఒకరు నూనె తాగమంటారు. ఒకరు బియ్యం మార్చమంటారు. ముగ్గురి దగ్గరా తగ్గినవాళ్ళు ఉన్నారు, అబద్ధం కాదు. ఎవరు కరెక్ట్ మరి?

ఇంట్లో వీరమాచనేని గారి డైట్ గురించి తర్జనభర్జనలు జరుగుతున్న అదే 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం దీనికి దగ్గరి ప్రశ్నకే జవాబు ప్రచురించింది. 609 మందిని రెండు గ్రూపులు చేసి ఒకరికి కొవ్వు తక్కువ తిండి, ఇంకొకరికి పిండి పదార్థాలు తక్కువ తిండి ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. లెక్కల ప్రకారం ఆ తేడా తేడా కాదు. ఒకే గ్రూపులో కొందరు పాతిక కిలోల దాకా తగ్గారు, కొందరు పెరిగారు. అంటే ఏ డైట్ అన్నదానికన్నా ఆ మనిషి దాన్ని ఎంతకాలం, ఎలా నిలబెట్టుకున్నారన్నదే పెద్ద విషయం. రెండు గ్రూపులకీ కామన్‌గా చెప్పింది ఒకటుంది. కూరగాయలు బాగా తినండి, పంచదార, మైదా తగ్గించండి, వీలైనంత ఇంట్లో వండుకోండి.

ఇంకో చిన్న సైన్సు ముక్క. పిండి పదార్థాలు మానేసిన మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గి అందరూ ఎగిరి గంతేస్తారు. మన కాలేయం, కండరాలు గ్లైకోజెన్ అనే రూపంలో నాలుగైదు వందల గ్రాముల పిండి పదార్థం దాచుకుంటాయి. ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్ళు ఉంటాయి. ఆ నిల్వ ఖర్చయితే నీళ్ళూ పోతాయి. మళ్ళీ అన్నం తింటే నీళ్ళూ వస్తాయి. కొవ్వు అక్కడే ఉంటుంది.

కాబట్టి పైన చెప్పిన పెద్దలందరి మీదా నాకున్నది ఒకే కంప్లయింట్, అది కూడా వాళ్ళ కన్నా మన మీదే ఎక్కువ. వాళ్ళు తిండి ముఖ్యమని జనానికి నేర్పారు, అది మంచిదే. కానీ మనం వాళ్ళ దగ్గర వెతుక్కున్నది అలవాటు కాదు, దీక్ష. ఏది మానెయ్యాలో చెప్పండి, ఎన్ని రోజులో చెప్పండి, మాల వేసుకుంటాం!

నాలుగు లెక్కలు

మళ్ళీ మా ఇంటికి వస్తాను. మార్చిలో నేను 77 దగ్గర ఉన్నప్పుడు అమ్మకి ఒంట్లో బాగోక రక్తపరీక్ష చేయించాం. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్.బి.ఎ.వన్.సి 6.3 వచ్చింది. 6.5 దాటితే షుగర్ ఉన్నట్టే. "ఇప్పుడు జాగ్రత్త పడితే మందులు లేకుండా ఆపొచ్చమ్మా" అన్నారు డాక్టర్ గారు. అమ్మ బయటికొచ్చి, "ఇంక నేనూ నీలాగా కీరా ముక్కలు తినాలేమోనే" అంది నవ్వుతూ. నాకు భయమేసింది. నేను చేసినది అమ్మ చేస్తే తట్టుకోలేదు.

ఆ రాత్రి హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చదివాను. మొత్తం పదిహేడు సూచనలు. అందులో రోజుకి 2000 కేలరీల పళ్ళెం ఎలా ఉండాలో ఉంది. ధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400, పండ్లు 100, పప్పులు లేదా వాటి బదులు గుడ్లు మాంసం 85, గింజలు 35, నూనె నెయ్యి 27 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండకముందు కొలతలు.

చూడగానే నాకు నవ్వొచ్చింది. ఎవరు తూస్తారండీ రోజూ? కానీ నేను సి.ఎస్.ఈ దాన్ని కదా, రివర్స్‌లో వెళ్ళాను. తినేది కొలవడం కష్టం, కొనేది కొలవడం తేలిక. అమ్మ సరుకుల చీటీలు దాస్తుంది. మా ఇంట్లో నాన్న, అమ్మ, నేను, తమ్ముడు, నలుగురం.

బియ్యం: 26 కిలోల బస్తా 22 రోజులు వస్తోంది. అంటే మనిషికి రోజుకి 295 గ్రాములు. ఇడ్లీ, దోసె, ఉప్మా రవ్వ దీనికి అదనం.

నూనె: నెలకి 5 లీటర్ల డబ్బా. బరువులో నాలుగున్నర కిలోలు. మనిషికి రోజుకి 38 గ్రాములు. నెయ్యి అదనం. బయట తిన్న పునుగులు, బజ్జీల నూనె లెక్కలోకే రాలేదు.

కూరగాయలు: వారానికి నాలుగు కిలోలు. మనిషికి రోజుకి 143 గ్రాములు. ఉండాల్సింది 400.

కందిపప్పు: నెలకి రెండు కిలోలు. మనిషికి రోజుకి 17 గ్రాములు. ఆదివారం చికెన్ కిలో, అప్పుడప్పుడు గుడ్లు కలిపినా 85 దరిదాపుల్లో లేదు.

పప్పు లెక్క చూసి అమ్మ అసలు నమ్మలేదు. "రోజూ పప్పో చారో చేస్తూనే ఉన్నాను కదే!" అంది. నిజమే, రోజూ చేస్తుంది. కానీ మేం తినేది పప్పన్నం కాదు, పప్పు రంగేసిన అన్నం.

ఈ నాలుగు లెక్కలు నా ఆలోచనని తలకిందులు చేశాయి. డైట్ అంటే ఇన్నాళ్ళూ మానెయ్యడం అనుకున్నాను. మా ఇంట్లో పెద్ద గొయ్యి తినకూడనివి తినడంలో కన్నా తినాల్సినవి తినకపోవడంలో ఉంది. కూరగాయలు మూడో వంతు, పప్పు అయిదో వంతు. ఆ ఖాళీని అన్నం, నూనె నింపుతున్నాయి.

ఇది మా ఇంటి తప్పే కాదు, మా నేల కథ కూడా. 1850లలో కాటన్ దొర హయాంలో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టాక కాలవలు పారి డెల్టా అంతా వరి అయింది. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి సాంబ మసూరి, అదే మన బి.పి.టి 5204, వచ్చాక సన్నన్నం ఇంటింటి అలవాటైంది. అవనిగడ్డ దగ్గర పల్లెటూళ్ళో మా అమ్మమ్మ చిన్నప్పుడు దంపుడు బియ్యం కుండెడు తినేవాళ్ళట. తిని ఎండలో ఒంగి నాట్లు వేసేవాళ్ళు. మేం అంతే అన్నం తిని ఏ.సీ ల్యాబ్‌లో కూర్చుంటాం. తిండి అమ్మమ్మది, పని నాది.

అమ్మ ప్లేటు

లెక్కల్లో ఇంకో సంగతి దాగుంది. మనిషికి సగటు అని సులువుగా నాలుగుతో భాగించేశాను. ఇంట్లో ఎవరూ సగటు తినరు.

ఒక ఆదివారం కూర్చుని చూశాను. నాన్నకి, తమ్ముడికి, నాకు వడ్డించాక మూడింటికి అమ్మ తింది. అప్పటికి గిన్నెలో కూర అడుగున రెండు ముక్కలు మిగిలాయి. అమ్మ పళ్ళెంలో మిగిలిన అన్నం అంతా, ఆ రెండు ముక్కలు, గోంగూర పచ్చడి, మజ్జిగ. "పారేస్తామా ఏంటి" అంది. అంటే మా ఇంట్లో కూర 143 గ్రాములైతే అమ్మకి అందులో సగం కూడా రావట్లేదు. అన్నం మాత్రం 295 కన్నా ఎక్కువే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి ముగ్గురు ఆడవాళ్ళలో ఒకరికి పైనే అధిక బరువు. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువ. అదే సర్వేలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత. ఒకే రాష్ట్రంలో, చాలాసార్లు ఒకే ఒంట్లో, బరువూ ఎక్కువే, రక్తమూ తక్కువే. ఇది ఎలా సాధ్యమో నాకు ఆ ఆదివారం మూడింటికి అర్థమైంది.

నేను కీరా దీక్ష చేసిన నలభై అయిదు రోజులూ అమ్మ నా కోసం వేరే, నాన్న కోసం వేరే, తమ్ముడి కోసం వేరే చేసింది. ఒక ఇంట్లో ఒకరు స్పెషల్ డైట్ మొదలుపెడితే దాని బిల్లు వంటింట్లో ఉన్నవాళ్ళు కడతారు. కొర్రల అన్నం ఒక పొయ్యి మీద, మామూలన్నం ఒక పొయ్యి మీద. ఆ ఓపిక అయిపోయిన రోజే చాలా డైట్లు ఆగిపోతాయి. అందుకే నా అభిప్రాయం ఇది. ఇల్లంతా కలిసి తినలేని డైట్ నిలవదు. నిలిచినా అది న్యాయంగా ఉండదు.

మేం మార్చింది ఏంటి

గొప్పగా ఏమీ లేదు. అందుకే తొమ్మిది నెలలైనా నడుస్తోంది.

వారానికి రెండుసార్లు నేనూ తమ్ముడూ రైతు బజారుకి వెళ్తాం. నాలుగు కిలోలు ఇప్పుడు పది అయ్యాయి. సొరకాయ, దోసకాయ, గోరుచిక్కుడు, తోటకూర, మునగాకు లాంటి ఆ రోజు చవగ్గా ఉన్నవే. కోసేది కూడా మేమే, టీవీ చూస్తూ. కూర పెద్ద గిన్నెలో అవుతోంది, పళ్ళెంలో ముందు కూర పెట్టుకుని తర్వాత అన్నం పెట్టుకుంటున్నాం. వరస మార్చామంతే, అన్నం దానంతట అదే తగ్గింది. బియ్యం బస్తా ఇప్పుడు నెల దాటుతోంది.

పప్పు దినుసులు నెలకి నాలుగు కిలోలకి పైనే. పప్పు గట్టిగా ఉంటోంది. సాయంత్రం పునుగుల టైమ్‌కి అలసందల గుగ్గిళ్ళో, ఉడికించిన శనగలో. రోజూ ఒక గుడ్డు. నూనె డబ్బా మీద తెచ్చిన తారీఖు రాస్తున్నాం, నలభై రోజులు రావాలని టార్గెట్. మొదటి నెల ఫెయిల్ అయ్యాం. వేపుళ్ళ బదులు ఆవపెట్టిన కూర, మజ్జిగ పులుసు, పప్పుకూర ఎక్కువయ్యాక పాసయ్యాం.

మానెయ్యనివి కూడా చెప్పాలి. ఆవకాయ మానలేదు. ఆదివారం చికెన్ మానలేదు. వారానికోసారి పున్నమి ఘాట్ వైపు నడక, వచ్చేటప్పుడు నలుగురికీ కలిపి రెండు ప్లేట్లు పునుగులు, అల్లం పచ్చడితో. బెజవాడలో పుట్టి పునుగులు జన్మలో ముట్టనని ఒట్టేసుకుంటే ఆ ఒట్టు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఇంకొకటి, అందరం ఒకేసారి కూర్చుని తింటున్నాం. గిన్నెలు మధ్యలో. ఇది తేలిక అనుకున్నాను, ఇదే అన్నిటికన్నా కష్టమైంది. అమ్మని కూర్చోబెట్టడానికి రెండు నెలలు పట్టింది.

ఫలితం? నేను 77 నుంచి 69కి వచ్చాను. తొమ్మిది నెలల్లో 8 కిలోలు. పోషకాహార సంస్థ వారానికి అరకిలో తగ్గడం సురక్షితం అంటుంది, రోజుకి 1000 కేలరీల కన్నా తక్కువ తినొద్దంటుంది. నేను ఆ అరకిలోలో సగం కూడా తగ్గట్లేదు. నా బి.ఎమ్.ఐ ఇప్పటికీ 28. అంటే ఇంకా లావే. ఈసారి పెళ్ళిలో ఎవరూ "ఏం చేశావ్" అని అడగలేదు. జుట్టు ఊడట్లేదు, పీరియడ్ టైమ్‌కి వస్తోంది, మూడో అంతస్తు ల్యాబ్‌కి మెట్లెక్కినా ఆయాసం లేదు, రాత్రి బిర్యానీ రీల్స్ లేవు. అమ్మది 6.3 నుంచి 5.9కి దిగింది. ఇంకా గీత దాటి బయటికి రాలేదు, కానీ దిశ మారింది.

మీరు అనబోయేవి

"కూరగాయలు పది కిలోలంటే డబ్బులు?" నిజమే. నెల బడ్జెట్ పెరిగింది. నూనె, బియ్యం, బయటి తిండిలో కొంత మిగిలింది కానీ మొత్తం సరిపోలేదు. రేషన్‌లో బియ్యం దొరికినంత తేలిగ్గా ఆకుకూర దొరకదు. చేతిలో డబ్బు లేని ఇంటికి వెళ్ళి "బ్యాలెన్స్‌డ్‌గా తినండి" అని చెప్పడం తేలిక. అది మనిషి మార్చుకోగలిగేది కాదు, ప్రభుత్వం ఆలోచించాల్సింది.

"మేం హాస్టల్, మా చేతిలో ఏముంది?" మెస్ మెనూ మీ చేతిలో లేదు, వరస ఉంది. పప్పు, కూర రెండు గరిటెలు ముందు, అన్నం తర్వాత. గుడ్డు రోజు గుడ్డు వదలొద్దు. రూమ్‌లో వేరుశనగలు, అరటిపళ్ళు, జామకాయలు పెట్టుకోవచ్చు. రాత్రి పదకొండింటికి నూడుల్స్ ఆర్డర్ పెట్టేది ఆకలితో కాదు, రాత్రి మెస్ తిండి సగం వదిలేయడం వల్ల. 2019లో అమెరికా పరిశోధకులు ఇరవై మందితో ఒక ప్రయోగం చేశారు. ఫ్యాక్టరీ ప్యాకెట్ తిండి పెట్టిన రెండు వారాల్లో ఆ మనుషులే రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, తమకి తెలియకుండానే.

"ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి కదా?" వచ్చాయి. 2025లో మన దేశంలోనూ మౌంజారో, వెగోవీ అమ్మకానికి వచ్చాయి. అవసరమైనవాళ్ళకి డాక్టర్ రాస్తే మంచి మందులే. కానీ వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని అదే మందు మీద జరిగిన అధ్యయనం చెప్పింది. సూది వేసుకున్నా విరమణ సమస్య విరమణ సమస్యే.

షుగర్ మాత్రలు, థైరాయిడ్, పీసీఓడీ, ఇంకేదైనా ఉన్నవాళ్ళు నన్ను కాపీ కొట్టొద్దు. డాక్టర్‌ని అడగండి. ఇంకొకటి, ఈ వ్యాసం చదివి లావుగా ఉన్న ఫ్రెండ్‌కి ఫార్వర్డ్ చేయకండి. అద్దం వాళ్ళింట్లోనూ ఉంది.

చివరగా

మొదట్లో చెప్పిన అంకుల్ గురించి ఒక మాట మిగిలింది. ఆయన విరమణ మర్నాడే చికెన్ తెచ్చుకుంటారు, నిజమే. కానీ నాలుగేళ్ళ కిందట దీక్షలో తెల్లవారుజామున లేవడం మొదలుపెట్టారు. మాల తీశాక కూడా అది వదల్లేదు. ఇవాళ్టికీ అయిదున్నరకి ఘాట్ వైపు నడుస్తూ కనిపిస్తారు. పొట్ట కూడా కాస్త తగ్గింది. నలభై ఒక్క రోజుల్లో ఆయన చేసిన కష్టమైనవి చాలా ఉన్నాయి, మిగిలింది మాత్రం ఆ చిన్నదే.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్తారు కదా. అరిసెలు తినండి, ఎవరూ వద్దనరు. తిన్నాక ఒక పని చేయండి. సరుకుల చీటీ అడిగి బియ్యం, నూనె, కూరగాయలు, పప్పు, ఈ నాలుగూ మనిషికి రోజుకి ఎంతో లెక్కేయండి. పది నిమిషాల పని, మన మొదటి సెమిస్టర్ సి ప్రోగ్రామ్ కన్నా తేలిక. తర్వాత మీ ఇంట్లో ఆఖర్న ఎవరు తింటున్నారో, వాళ్ళ పళ్ళెంలో ఏముందో చూడండి. డైట్ ఎక్కడ మొదలుపెట్టాలో యూట్యూబ్‌లో వెతకాల్సిన పని ఉండదు.

మా ఇంట్లో నిన్న రాత్రి సొరకాయ ఆవపెట్టిన కూర. అమ్మ ముందు కూర్చుంది. కూర అడుగున రెండు ముక్కలు మిగిలితే తమ్ముడు గిన్నె ఊడ్చుకుని తిన్నాడు.